పన్నెండు రోజా పాదులు

వేళ్ళు ఎండలో ఉన్నాయి.

పన్నెండు రోజా మొక్కల వేళ్ళు. సన్నవి, లావువి, ఒకదాన్నొకటి పట్టుకుని వదలనివి. మట్టి కింద చీకట్లో ఉండవలసినవి జనవరి ఎండలో బయటపడి ఉన్నాయి. తడి ఆరిపోతున్న వేరుకు ఒక వాసన ఉంటుంది — కొంచెం అల్లం, కొంచెం వాన. ఎడారిలో ఆ వాసన ఇంకెక్కడా దొరకదు.

వెంకటేశ్వరి వంగి ఆ వాసన పీల్చింది. నవ్వుకుంది.

ఆ గురువారం ఆమె నవ్వడం అదే ఆఖరు.

అబ్దలీ అంటే కువైట్‌కు ఉత్తరపు కొస. అవతల ఇరాక్. ఇవతల ఇసుక, ఆ ఇసుకలో గళ్ళు గీసినట్టు తోటలు. వాటిని మజ్రా అంటారు. కాస్త సాగు, కాస్త విడిది ఇల్లు, చలికాలం వారాంతాల్లో గుడారం వేసుకుని చాయ్ తాగడానికి కాస్త ఖాళీ నేల. ఈ మజ్రా జకియాది. జకియా ఇంట్లో పనిమనిషి వెంకటేశ్వరి. ఇంటావిడను అందరు పనిమనుషుల్లాగే ఆమె కూడా మామా అని పిలుస్తుంది.

చలికాలం నాలుగు నెలలు వెంకటేశ్వరి ఇక్కడే ఉంటుంది. వంట, గుడారం, పావురాల గూడు — వీటన్నిటికీ ముందు రోజాలు.

ఆదివారం నాడు పాదులు విప్పింది.

పాదు విప్పడం ఆమెకు పుట్టింటి పని. మదనపల్లె చుట్టుపక్కల రోజా తోటల్లో పదకొండేళ్ళు కూలికి పోయింది. వానలు వెనకబట్టాక అక్కడ ప్రతి తోటలోనూ ఇదే పని. మొక్క చుట్టూ జానెడు లోతు మట్టి తీసేస్తారు. నీళ్ళు ఆపేస్తారు. వారం రోజులు వేళ్ళకు ఎండ చూపిస్తారు. ఆకులు పండి రాలిపోతాయి. మొక్క నిద్రపోతుంది. అప్పుడు కొమ్మలు కత్తిరించి, ఎరువు పోసి, మట్టి కప్పి, నీళ్ళు కడితే — ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. నెలన్నరకు మొగ్గ.

ఎందుకలా చెయ్యాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అక్కడి చలి మొక్కను నిద్రపుచ్చేంత చలి కాదు, అందుకని మనిషే నిద్రపుచ్చాలి. అంతే సంగతి. కానీ కూలి మనిషికి పని చెప్తారు గానీ కారణం ఎవరు చెప్తారు?

పని తెలుసు. కారణం తెలీదు.

ఆ తేడా ఎంతదో ఆ మధ్యాహ్నం దాకా ఆమెకు తెలియలేదు.

ఈ రోజాలు వచ్చి ఏడాది. అవి వచ్చిన దారి కూడా చెప్పాలి.

అంతకుముందు ఈ పాదుల్లో వేరే రోజాలుండేవి. పళ్ళెమంత పూలు, ఎర్రవి, పసుపువి. జకియా ముచ్చటపడి తెచ్చుకున్నవి. పోయిన జనవరిలో ఒక తెల్లవారుజామున చూస్తే అన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి. నిప్పు తగలకుండానే మాడిపోవడం ఎలాగో అబ్దలీ చలిని అడగాలి. తోటమాలి ఊరికి వెళ్ళిపోయాడు. జకియా చిన్నపిల్లలా ఏడ్చింది.

అప్పటికి వెంకటేశ్వరి ఈ ఇంట్లో ఎరువు మనిషి. అంటే అరువుకు తెచ్చుకున్న మనిషి. జకియా అక్క ఇంట్లో పనిచేస్తుంటే, చుట్టాలొచ్చారని పదిరోజుల కోసం ఇక్కడికి పంపారు. ఎనిమిదో రోజు. ఇంక రెండు రోజుల్లో తిరిగి ఆ ఇంటికి పోవాలి.

ఆ ఇంటికి.

అప్పుడు నోరు జారింది. "మామా, నాకు రోజా తెలుసు. మా ఊరు చలి. నాకు చలి రోజా తెలుసు."

మదనపల్లె చలి! తలకు తువ్వాలు చుట్టుకుంటే పోయే చలి. అబ్దలీ చలి ముందు దాన్ని చలి అనడానికి కూడా మొహమాటపడాలి. అయినా అంది. మునిగిపోయేవాడు ఏది పట్టుకుంటాడో ఆమె అదే పట్టుకుంది.

జకియా ఆమెను కార్లో ఎక్కించుకుని అల్ రాయ్ తీసుకెళ్ళింది. అక్కడ మొక్కల దుకాణాల వరసలో రాయచోటి మునాఫ్ పనిచేసేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి, గడ్డం, మోచేతుల దాకా మట్టి. వెంకటేశ్వరి చీరలో లేకపోయినా ఆమె ఊరు ఆమె నడకలో పోల్చుకున్నాడు. జకియా పెద్ద పూల దగ్గర ఆగిపోయినప్పుడు, పక్కకు వచ్చి మెల్లిగా అన్నాడు.

"అక్కా, పువ్వు జూసి మోసపోవద్దు. ఇయ్యన్నీ అంటు కట్టినేటివి. అడుగున ఒక రోజా, పైన ఇంగోటి. ఆ అంటు కాడ చలి తగిలిందంటే పైది సచ్చిపోతాది. ఇదో, ఈ ముండ్ల దాన్ని సూడు. సొంత యేరు మింద పెరిగింది. పైనంతా మాడిపోయినా, యేరు బతికుంటే మల్లా లేస్తాది."

"యేరు బతికుంటే సాలా?"

"యేరే గదక్కా అంతా."

పువ్వు లేదు. ఆకు కూడా అంతంతమాత్రం. ముళ్ళు మాత్రం మీదికొచ్చేలా ఉన్నాయి. జకియా ఆ మొక్కనూ వెంకటేశ్వరినీ మార్చి మార్చి చూసింది.

"ఇందులో రోజా ఎక్కడుంది?" అంది.

"వస్తుంది మామా. ఇది గట్టిది."

జకియా పకపకా నవ్వింది. నవ్వి, పన్నెండూ కొనేసింది. ఆవిడ మనసు అలాంటిది. నచ్చితే పన్నెండు, నచ్చకపోతే ఒక్కటీ లేదు.

ఆ తర్వాత చలి పెద్దగా రాలేదు. వేసవిలో నల్ల వల కింద, ఎండకు వాడి, రాత్రికి తేరుకుని, అవి బతికాయి. వేసవికి ముందు, మార్చిలోనే పూశాయి. చిన్న పూలు, లేత గులాబి రంగు. కానీ ఆ వాసన! గేటు దగ్గర కారు ఆపితే గుడారం దాకా అదే. జకియా రేకులు తుంచి చాయ్‌లో వేసుకుంది. వెంకటేశ్వరి బుగ్గ గిల్లింది. "నువ్వు ఇక్కడే ఉండు," అంది.

ఇక్కడే. ఆ మాట మీద ఇన్నాళ్ళూ బతికింది.

కానీ ఇఖామా ఇంకా ఆ ఇంటి పేరునే ఉంది. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం అది. కఫీల్, అంటే ఆ కాగితానికి పూచీ పడ్డ యజమాని, జకియా బావగారు. ఈ నెలాఖరుకు గడువు తీరిపోతుంది. ఈ లోపల జకియా పేరుకు మార్చాలి, లేకపోతే మనిషిని తిరిగి అప్పగించాలి. జకియా అక్క ప్రతి వారం ఫోన్ చేసి అడుగుతూనే ఉంది. నా మనిషిని నాకిచ్చెయ్యి, నా ఇంట్లో చేసేవాళ్ళు లేరు, అని.

పోయిన వారం జకియా ఫోన్లో నవ్వుతూ అంది. "నా రోజాలు ఈ చలికాలం కూడా బతికితే ఆమె నాది. చచ్చిపోతే నీది. సరేనా?"

అక్కాచెల్లెళ్ళ సరసం. వాళ్ళు నవ్వుకున్నారు.

పక్కన గిన్నెలు తుడుస్తున్న మనిషి చెయ్యి ఆగిపోయింది. ఎవరూ చూడలేదు.

ఆ ఇంటావిడను, అంటే జకియా అక్కను, వెంకటేశ్వరి పెద్దమామా అంటుంది. ఆవిడ ఈమెను మేరీ అంటుంది. ముందు పనిచేసిన అమ్మాయి పేరు మేరీ. కొత్త పేరు నేర్చుకునే ఓపిక లేదు, ఉన్న పేరే దీనికీ తగిలించింది. ఆ ఇంట్లో పొద్దున్నే చేతులు చాపి చూపించాలి. గోళ్ళు, అరచేతులు, తిరగేసి మళ్ళీ గోళ్ళు. పడక — బట్టలుతికే మిషన్ల గదిలో. కిటికీ లేదు. ఫోన్ ఆవిడ బీరువాలో. ఇంటిల్లిపాదీ బయటికి పోతే తలుపుకు బయటినుంచి తాళం.

ఒకసారి సముద్రపు విడిదికి పోయారు. పొద్దున పోయినవాళ్ళు సాయంత్రం వస్తారనుకుంది.

మూడు రోజులు.

ఒక రొట్టెల పొట్లం, ఒక నీళ్ళ కొళాయి. రెండో రోజు దీపం పోయింది. తలుపు బాదింది. పిలిచింది. మొదట మామా అని, తర్వాత అమ్మా అని, తర్వాత ఏ పేరూ లేకుండా. మూడో రోజు పిలవడం మానేసింది. వాళ్ళు వచ్చి తలుపు తీసి, ఇస్త్రీ అయిందా అని అడిగారు.

ఆ తాళం చప్పుడు ఇప్పటికీ ఆమె చెవిలో ఉంది. ఎక్కడ ఏ గొళ్ళెం పడినా చేతిలో పని ఆపి అటు తిరుగుతుంది.

ఇదీ సంగతి. ఇప్పుడు గురువారానికి వద్దాం.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎరువు బస్తాలు వేసుకుని మునాఫ్ పికప్ వచ్చింది. రెండు బస్తాలు దించాడు. మూడోది భుజానికెత్తుకుని పాదుల దగ్గరికి వచ్చాడు. ఆగిపోయాడు. బస్తా భుజం మీదే ఉంది.

"అక్కా... ఇదేంది?"

"పాదు ఇప్పినా. ఇంగ మూన్నాళ్ళు ఎండ సూపిచ్చి కత్తిరిస్తా."

బస్తా కింద పడింది.

"యా అల్లా. ఇదేమన్నా మదనపల్లె అనుకుంటివా? ఈడ చలికి మట్టి ఎగదోస్తారక్కా. తీస్తారా ఎవురన్నా? ఈ పొద్దు రాత్రికి మైనస్ మూడంట. ఫోన్లో సూడల్యా?"

ఆమె చూడలేదు. ఆమె ఫోన్లో కూతురి ముఖం ఉంటుంది, తమ్ముడి ట్రాక్టరు ఉంటుంది. చలి ఎప్పుడొస్తుందో ఉండదు.

"మైనస్ అంటే?"

"నీళ్ళు గడ్డకడతాయి. యేర్లోని నీళ్ళు గూడా. గడ్డకట్టి, యేరు లోపలే పగిలిపోతాది."

ఆమె పాదుల వైపు తిరిగింది.

యేరే గదక్కా అంతా, అన్నాడు అప్పుడు. పైనంతా పోయినా పరవాలేదు, వేరు ఒక్కటి బతికుంటే చాలని, వెతికి వెతికి తెచ్చుకున్న మొక్కలు. ఆ ఒక్క వేరునే ఆమె తన చేతులారా బయటపెట్టింది. నాలుగు రోజులుగా. నీళ్ళు కూడా ఇవ్వకుండా. శ్రద్ధగా, ఒద్దికగా, చిన్న వేరు తెగకుండా, ఎంత బాగా తీసిందని!

పని బాగా వచ్చినవాళ్ళు చేసే తప్పు కూడా బాగానే ఉంటుంది.

"ఏడిసేకి టైం ల్యా," అన్నాడు మునాఫ్. "మట్టి యాడ పోసినావు?"

"గోడవార."

"పొద్దు గుంకేలోపల అంతా కప్పేయాల. ముందు నీళ్ళు పెట్టు. తడి మట్టి రాత్రికి కొంచెం వెచ్చన ఆపుతాది, ఎండు ఇసక ఆపదు. ఆమైన మొదలు చుట్టూరా మూరెడు ఎత్తు ఎగదొయ్. దానిమింద గోనె పట్టా. ప్లాస్టిక్కు మాత్రం ఎయ్యొద్దు."

ఇద్దరూ మొదలుపెట్టారు. అతను పార, ఆమె చేతులు. నీళ్ళు పోస్తే వేళ్ళు నల్లబడ్డాయి. మట్టి పడుతుంటే ఒక్కొక్క వేరూ మాయమైంది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది కప్పేసరికి అతని ఫోన్ మోగింది. దజీజ్‌లో ఎవరికో చెట్లు దించాలి, మూడింటికల్లా. అతను పార ఆమె చేతికిచ్చాడు. కళ్ళల్లోకి చూడలేకపోయాడు.

"పోవాలక్కా. దుకాణం ముదీర్ సంపుతాడు."

"పో నాయనా. నేను జేసుకుంటా."

పికప్ మలుపు తిరిగింది. దుమ్ము ఇంకా సద్దుమణగలేదు. ఆ దుమ్ములోంచే రెండు తెల్ల కార్లు వచ్చాయి.

ముందు కారు జకియాది.

వెనక కారు ఎవరిదో చూడకముందే ఆమె ఒంటికి తెలిసింది.

ఇంకా ఎనిమిది.

గుడారంలో తివాచీలు పరిచింది. నిప్పుల కుంపటి పెట్టింది. చాయ్, ఖర్జూరాలు, పిస్తా. పెద్దమామా దిండ్లకు ఆనుకుని కూర్చుంది. లావు మనిషి, మెత్తటి గొంతు. గట్టిగా అరిచేవాళ్ళ దగ్గర భయం కాసేపే. మెత్తగా మాట్లాడేవాళ్ళ దగ్గర భయం కూర్చుండిపోతుంది.

"బాగున్నావా మేరీ? ఒళ్ళు చేశావు."

"బాగున్నాను పెద్దమామా."

జకియా బయట ఎండను చూసి, ఎంత బాగుందో, అంది. నిజంగానే బాగుంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మబ్బు లేదు. గాలి లేదు. అలాంటి రోజు రాత్రే నేల మీది వేడంతా పైకి పోతుందని, అలాంటి రాత్రే అన్నీ గడ్డకడతాయని, గంట కిందట మునాఫ్ చెప్పి వెళ్ళాడు.

చలి వస్తోంది.

"బొగ్గులు తెస్తాను మామా," అని లేచింది. బొగ్గులు కుంపటి పక్కనే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. పరుగెత్తింది. నీళ్ళు, మట్టి, చేతులతో ఎగదోత.

ఇంకా ఏడు.

"పుదీనా తెస్తాను మామా."

ఇంకా ఆరు.

"పావురాలకు గింజలు..."

ఇంకా అయిదు. పావురాలకు గింజలు వెయ్యలేదు. పాపం అవి గూట్లోంచి ఆమెనే చూశాయి.

నాలుగోసారి గుడారంలోకి వచ్చి చాయ్ వంచుతోంది. పెద్దమామా చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. కప్పు ఆగింది.

"చేతులు."

గోళ్ళ కింద నల్లటి తడి మట్టి. అరచేతి గీతల్లో మట్టి. ముళ్ళు గీరిన చోట రెండు ఎర్రటి చారలు.

"జకియా, ఈ చేతులతో వంచిన చాయ్ నువ్వు తాగుతున్నావా?"

జకియా ఇబ్బందిగా నవ్వింది. "తోట పని చేస్తుంది కదా, అక్కా. రోజాలన్నీ తనే..."

"నా ఇంట్లో ఇలా ఉండేది కాదు. కడుక్కుని రా. వచ్చి నా కాళ్ళు పట్టు. ప్రయాణంలో లాగేశాయి."

కడుక్కుంది. వచ్చింది. కూర్చుంది.

పెద్దమామా కాళ్ళు ఆమె ఒళ్ళో. బరువైన కాళ్ళు. ఇంక ఎక్కడికీ లేవడానికి లేదు. గుడారం గుడ్డ మీద ఎండ పడుతోంది. తెల్లగా ఉన్న ఎండ పసుపు అయింది. వెంకటేశ్వరి దాన్నే చూస్తోంది. పసుపు కిందికి దిగుతోంది. చేతులు కాళ్ళు పడుతున్నాయి. పసుపు నారింజ అయింది.

అయిదు. అయిదు. అయిదు.

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుంటున్నారు. పెళ్ళిళ్ళు, కొత్త కార్లు, ఎవరి కోడలో. మధ్యలో పెద్దమామా అంది. "రేపు పొద్దున చూద్దాం నీ రోజాలు. చచ్చిపోయి ఉంటే మేరీ నా కార్లోనే వస్తుంది. మాట మాటే."

"అలాగే, అలాగే," అంది జకియా, ఖర్జూరం నములుతూ.

ఒక మనిషి బతుకును ఎంత తేలిగ్గా నమిలేస్తారో!

గుడ్డ మీద నారింజ ఎర్రబడింది. కుంపటి దగ్గర కూర్చున్నా వెంకటేశ్వరి వీపు చల్లబడింది. అంటే బయట మొదలైంది. అయిదు మొక్కల వేళ్ళు బయటే ఉన్నాయి. నీళ్ళు లేవు, మట్టి లేదు. ఆ మిషన్ల గదిలో ఆమె తలుపు బాదుతున్నప్పుడు అవతల ఎవరూ లేరు. ఇప్పుడు బాదుతున్నవి ఆ వేళ్ళు, తలుపు అవతల తనే ఉంది.

భయం. ఇక్కడ కూర్చుంటే భయం. లేస్తే భయం.

లేచింది.

ఎవరూ చెప్పకుండా. పెద్దమామా కాళ్ళు తివాచీ మీద పెట్టి, మెల్లిగా, పసిపిల్లను దించినట్టు దించి, లేచింది. గుడారం గుడ్డ పక్కకు తోసింది.

"మేరీ!"

నడిచింది.

"మేరీ! ఎక్కడికి?"

పరుగెత్తింది.

చలి అప్పుడే నేల మీదికి దిగింది. పాదాలకు తగిలింది. పొద్దు ఇసుక అంచుకు ఆనుకుని ఉంది. నీళ్ళు పోసింది. మట్టి తోసింది. పార ఎక్కడ పెట్టిందో గుర్తులేదు, చేతులతోనే తోసింది. నాలుగు. ముళ్ళు చీరాయి, తెలియలేదు. మూడు. ఏడుస్తోందని కూడా తెలియలేదు. ముక్కు తుడుచుకుంటే మట్టి నోట్లోకి పోయింది. రెండు. "కప్పుకో, కప్పుకో తల్లీ," అంటోంది. ఎవరితో అంటోందో! ఒకటి.

ఆఖరి మొక్కకు గోనె పట్టా చుట్టి తలెత్తేసరికి పొద్దు లేదు. జకియా ఉంది.

ఎప్పట్నించి నిలబడిందో. చేతులు కట్టుకుని, పెదవులు బిగించి.

వెంకటేశ్వరికి వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. ముక్కలు ముక్కలు. ఆ ముక్కలతోనే చెప్పింది. "మామా. నేను తప్పు. మట్టి తీసింది నేను. మా ఊర్లో మట్టి తీస్తారు. ఇక్కడ తియ్యకూడదు. నాకు తెలీదు. చలి రోజా తెలుసు అన్నాను. తెలీదు."

ఏడాది కిందటి అబద్ధం అలా బయటపడింది. వేరులాగే.

జకియా గోనె చుట్టిన దిబ్బలను ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. గుడారంలోంచి పెద్దమామా మెత్తటి గొంతు వినిపిస్తూనే ఉంది.

"బతుకుతాయా?" అంది జకియా.

"తెలీదు మామా."

జకియా ముఖంలో ఏదో మూసుకుపోయింది. "నా జన్మలో ఇంత సిగ్గుపడలేదు నేను," అంది. "అక్క కాళ్ళు కింద పడేసి పోతావా? రేపు పొద్దున చూద్దాం." వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గురించి చెప్పేదేమీ లేదు. చలి వచ్చింది. తన పని తను చేసింది.

తెల్లారింది.

నేలంతా తెల్లగా ఉంది. ఉప్పు చల్లి ఊడ్వడం మరిచిపోయినట్టు. గుడారం తాళ్ళ మీద తెలుపు. పావురాల గూటి మీద తెలుపు. బకెట్లో నీళ్ళు అద్దంలా గట్టిపడి, లోపల ఒక ఎండుటాకు ఇరుక్కుని ఉంది. గోనె పట్టాలు చెక్కల్లా బిగుసుకుపోయాయి. వెంకటేశ్వరి పుట్టి బుద్ధెరిగాక ఇలాంటిది చూడలేదు. దీన్నా తను తెలుసన్నది?

పన్నెండు మట్టి దిబ్బలు. ఒక్కో గోనె పైనుంచి కొమ్మల కొసలు బయటికి ఉన్నాయి. కొసలన్నీ నల్లగా ఉన్నాయి.

అంతకు ముందటివీ ఇలాగే నల్లబడ్డాయి.

అక్కాచెల్లెళ్ళు వచ్చారు. గొర్రెతోలు కోట్లు, నోళ్ళలోంచి ఆవిరి. కారు డ్రైవరు అప్పుడే ఇంజను వేడి చేస్తున్నాడు. పెద్దమామా నల్లటి కొసలు చూసింది. పెదవి విరవడం కూడా అనవసరమనిపించింది ఆవిడకు.

"చచ్చిపోయాయి. ఖలాస్."

"కొసలు పోతే ఏం కాదు మామా," అంది వెంకటేశ్వరి, జకియాను చూస్తూ. "వేరు బతికుంటే వస్తుంది."

"అయితే వేరు చూపించు," అంది పెద్దమామా. మెత్తగా. న్యాయంగా. "మట్టి తియ్యి. బతికుంటే చూస్తాం కదా. జకియా, నేను తప్పు మాట అన్నానా?"

జకియా దిబ్బలను చూసింది. ఆవిడకూ చూడాలని ఉంది. ఎవరికి ఉండదు? రాత్రంతా ఆవిడా నిద్రపోలేదేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్కటి," అంది జకియా. "ఒక్కటే తీసి చూపించు. ఒకటి బతికుంటే అన్నీ బతికున్నట్టే. అప్పుడు నేను అక్కకు చెప్తాను. తియ్యి."

ఎంత సులువైన మాట! ఒక్కటి తీసి, గోటితో వేరు బెరడు గీకితే చాలు. లోపల పచ్చిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. తను ఇక్కడే ఉన్నట్టు.

వెంకటేశ్వరి మొదటి దిబ్బ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గోనె మీద చెయ్యి వేసింది. అరచెయ్యి జిల్లుమంది.

మట్టి కింద తడి వేరు. మట్టి మీద ఈ తెల్లటి చలి. ఇప్పుడు తీస్తే — బతికున్నది కూడా చచ్చిపోతుంది. బతికుందని చూపించడానికి చంపాలి.

మట్టి తీయడం ఆమెకు బాగా వచ్చు. పదకొండేళ్ళు ఎవరు తియ్యమంటే తీసింది. ఎవరు చేతులు చూపించమంటే చూపించింది. ఎవరు లేవమంటే లేచింది. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు కారణం తెలుసు.

"లా, మామా," అంది.

కాదు, అని. ఈ దేశానికి వచ్చి మూడేళ్ళు దాటింది. అందరి నోటా రోజుకు నూరుసార్లు విన్న మాట. తన నోటితో అనడం ఇదే మొదలు.

జకియా వినపడనట్టు చూసింది. "ఏమన్నావు?"

"లా. తియ్యను. తీస్తే చచ్చిపోతుంది." మూడు వేళ్ళు చూపించింది. "మూడు వారాలు. చలి పోవాలి. అప్పుడు చూడు. ఇప్పుడు లా."

పెద్దమామా నవ్వింది. చిన్నగా, జాలిగా. "విన్నావా? చచ్చిపోయాయని దానికే తెలుసు. మేరీ, పో. బట్టలు సర్దుకో. దారిలో ట్రాఫిక్ ఎక్కువవుతుంది."

వెంకటేశ్వరి లేవలేదు.

మోకాళ్ళ కింద మంచు కరిగి బట్ట తడిసింది. పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. భయంతోనో చలితోనో ఆమెకే తెలియదు. ఇంత భయం ఆ మిషన్ల గదిలో కూడా వెయ్యలేదు. అక్కడ చేయగలిగిందేమీ లేదు. ఇక్కడ చేతిలో ఉంది. మట్టి కింద వేరు బతికి ఉండవచ్చు. తెల్లవారుజామునే పగిలిపోయి ఉండవచ్చు. తను కాపాడుతున్నది ప్రాణాన్నో, చచ్చిన కట్టెనో. మూడు వారాల దాకా ఏ మనిషీ చెప్పలేడు. నెలాఖరుకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

రెండో చెయ్యి కూడా గోనె మీద పెట్టింది.

వెనక కారు హారను ఒకసారి మోగింది. పెద్దమామా కారు వైపు నడిచింది, ఇసుక మీద తెల్లటి పొర ఆవిడ చెప్పుల కింద పటపటమంది. నాలుగడుగులేసి ఆగి, చెల్లెలి కోసం చూసింది.

జకియా కదల్లేదు. దిబ్బను చూసింది. దాని మీద ఆనించి ఉన్న చేతులను చూసింది. గోళ్ళ కింద మట్టి, ముళ్ళు చీరిన చోట ఎండిన నెత్తురు. ఆ చేతులు దిబ్బను వదలడం లేదు.

"ఫెంకటేశ్," అంది. ఆ పేరు ఆవిడకు ఎప్పుడూ సరిగా పలకదు.

అక్క ఎదురుచూస్తున్న కారు వైపు మాత్రం అడుగు వెయ్యలేదు.

గోడ అవతల పొద్దు పొడిచింది. ఎండ గోడ దిగి, ఇసుక మీద మెల్లిగా పాకుతూ వస్తోంది. పాదుల దాకా ఇంకా రాలేదు.